ఎర్రయ్య అడుగుకు సిమెంటు గడ్డి

తొర్రూరు బిక్షపతికి కాళ్ళు రావు.

తొందరపడి జాలిపడకండి. దేవుడిచ్చిన కాళ్ళు రెండూ ఆయనకు భేషుగ్గా ఉన్నాయి. బస్టాండు నుంచి అంగడి దాకా ఎక్కడా ఆగకుండా నడుస్తాడు, మధ్యలో రెండుసార్లు చాయ్‌కి ఆగి మరీ. ఆయనకు రానివి బొమ్మలో కాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు హైదరాబాదులో కూర్చొని ‘సన్నజాజి’ వారపత్రికకు ‘బిక్ష్’ అనే సంతకంతో బొమ్మలు వేశాడు. వారానికి రెండు సీరియళ్ళు, మూడు కథలు. అట్లా ఎనిమిది వేల మందిని పుట్టించాడు. అందులో ఏడ్చేవాళ్ళున్నారు, నవ్వేవాళ్ళున్నారు, కిటికీలో నిలబడి వానను చూసేవాళ్ళయితే లెక్కే లేదు. ఒక్కరికీ మోకాలి కింద ఏమీ లేదు.

దీనికి మూలం అమెరికాలో ఉంది. పంతొమ్మిదేళ్ళ వయసులో బిక్షపతి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారంనాడు పాత అమెరికా పత్రికల కట్ట ఒకటి కొన్నాడు. అందులో ఒక బొమ్మల దొర వేసిన చిత్రాలు చూసి మతి పోగొట్టుకున్నాడు. ఏం బట్టల మడతలు! ఏం చూపులు! ఆ దొర దగ్గరే ఏకలవ్యుడిలా విద్య నేర్చుకున్నాడు. చిక్కల్లా ఏమిటంటే, కట్టలో ప్రతి పేజీ అడుగునా జానెడు మేర చెదలు తినేశాయి. పైనుంచి మోకాళ్ళ దాకా అమెరికా, అక్కడి నుంచి కింద చెదల రాజ్యం. దొరగారి సంతకం కూడా కిందే ఉంటుంది కదా, అదీ పోయింది. అసలు ఏకలవ్యుడికి బొటనవేలు ఒక్కటే పోయింది. మనవాడికి పదికి పది వేళ్ళూ, మడమలతో సహా, గురువుగారి పేరుతో సహా పోయాయి.

ఒక పేజీలో ఆ దొర జీవిత చరిత్ర ఉంది, పేరున్న వరస మాత్రం చెదలకు పోగా. బిక్షపతి నిఘంటువు పక్కన పెట్టుకొని నెల రోజులు చదివాడు. దొర చాలా ఏళ్ళు పత్రికలకు బొమ్మలు వేసి, వేసి, విసిగి, శిల్పాలలోకి దిగాడట. కాగితం మీద మనిషి ఎప్పుడూ పడుకొనే ఉంటాడు, మట్టిలోనైతే లేచి నిలబడతాడు అన్నాడట. ఎలా నిలబెట్టాలో చెప్పే వాక్యం మాత్రం చెదలు తిన్నచోట ఉంది.

పత్రికలో చేరాక ఎడిటరుగారు ఆ లోపాన్ని నియమం చేశారు. “కాళ్ళెందుకండీ బిక్షపతిగారూ? అక్కడ సీరియల్ పేరు పడుతుంది కదండీ. మన పాఠకులు కళ్ళు చూస్తారు గానీ కాళ్ళు చూస్తారా?” అన్నారు. పత్రికలో కాలమ్‌కు చోటుంది, కాలికి లేదు. కరోనా వచ్చిన ఏడాది ఆ పత్రిక కాలం చేసింది. కాలమ్‌లున్నదేదైనా ఎప్పుడో ఒకప్పుడు కాలం చేయవలసిందే.

బిక్షపతి భార్య కళావతిని, పాత సంచికల ట్రంకుపెట్టెను తీసుకొని తొర్రూరు వచ్చేశాడు. పాలకుర్తి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి ‘బిక్ష్ శిల్పశాల’ అని బోర్డు పెట్టాడు. లోపల శిల ఒక్కటీ లేదు. సిమెంటు, ఇనుప చువ్వలు, కోళ్ళ జాలి. శిల లేని శిల్పి, శాల కాని షెడ్డు. అయితే గిరాకీ మాత్రం ఉంది. మా వైపు తండ్రి పోతే చేను ఒడ్డున తండ్రి విగ్రహం పెట్టి, దాని మీద చిన్న స్లాబు వేయడం ఇప్పుడు మర్యాద. బతికుండగా గొడుగు పట్టని కొడుకులు కూడా పోయాక స్లాబు పడతారు.

జనగామలో ఒక వకీలు. ఆయన్ను బల్ల వెనక కూర్చోబెట్టాడు. కాళ్ళ బెడద లేదు. మానుకోట దగ్గరి తండాలో టీక్యా అనే ఆయన నీలి అనే తన తల్లి బొమ్మ చేయమన్నాడు. నేలను తుడిచే లంగా వేసి గండం గట్టెక్కాడు. కొత్తగూడలో ఒక పెద్దమనిషి పులి ఎదురైనా నిలబడ్డవాడట. ఆయన్ను సిమెంటు పొదలో నిలబెట్టాడు. ఆ తరువాత ఇక నిలబడ్డ ప్రతి మనిషికీ మోకాళ్ళ దాకా సిమెంటు గడ్డి మొలిచింది. ఒక్క భూపాలపల్లిలో చిక్కుకున్నాడు. బొగ్గుగని కార్మికుడు, బూట్లు కనబడాలన్నారు. చూసి చూసి చేశాడు. తీరా చూస్తే రెండు బూట్లూ ఎడమకాలివే. పరువు పోయిందనుకుంటుండగా యూనియన్ నాయకుడు వచ్చి కౌగిలించుకున్నాడు. “పక్కా లెఫ్ట్! ఆయన మనసు తెలిసిన ఆర్టిస్టువన్నా నువ్వు!”

గడ్డికి పేరొచ్చింది. జనగామ కాలేజీ లెక్చరర్ ఒకాయన మైకు పట్టుకొని, “భూమిపుత్రులు భూమిలోంచి మొలుస్తున్నారు! ఇదీ బిక్షపతి ముద్ర!” అన్నాడు. సభంతా చప్పట్లు. బిక్షపతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుతో.

“మొలుచుడు గాదు, మునుగుడు,” అంది కళావతి ఇంటికొచ్చాక. “జిల్లాల ఉన్న పెద్దమనుషులందర్ని మోకాళ్ళ దాకా ముంచినవ్.”

“అట్లనకే. చచ్చేలోపల ఒక్క జత కాళ్ళు చేస్త. నేల మీద నిలబడ్డ కాళ్ళు. అప్పుడు నన్ను శిల్పి అను.”

“అప్పటిదాంక?”

“మోకాళ్ళ దాంక శిల్పినే.”

సరిగ్గా అట్లాంటి రోజుల్లో, పోయిన చలికాలం, జఫర్‌గఢ్ అవతలి రాగులపల్లి నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు సర్పంచ్ తిరుపతి. రెండో ఆమె అంజమ్మ, డెబ్భై ఏళ్ళది. ఆమె భర్త ఎర్రయ్య ఆ వానాకాలమే పోయాడు. ఆయన విగ్రహం కావాలి.

ఎర్రయ్య ఆ ఊరికి నాయకుడు కాదు, దాత కాదు. ఎర్రయ్య ఆ ఊరి కొలత. నలభై ఏళ్ళ కిందట ఇద్దరు అన్నదమ్ములు చేనుకూ చేనుకూ నడుమ గెట్టు కోసం కొట్టుకున్నారు. సర్వేయర్ గొలుసు సాగిందని ఒకడు, కురచయిందని ఒకడు. చివరికి కూలికి పోతున్న ఎర్రయ్యను ఆపి, “నువ్వు నడువ్ రా, మడిమ ముంగట మడిమ పెట్టి,” అన్నారు. అప్పుడు ఎర్రయ్యకు గుంట భూమి లేదు. భూమి లేదు కాబట్టి పక్షపాతం లేదు. పక్షపాతం లేని పాదం ఊరందరికీ నచ్చింది. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో గెట్లన్నీ ఎర్రయ్య పాదంతోనే పడ్డాయి. బాండు కాగితాల మీద కూడా ‘తూర్పు నుంచి పడమరకు ఎనభై ఎర్రయ్యలు’ అని రాసుకున్నారు. అర ఎర్రయ్య కోసం తలలు పగిలాయి. తరువాత ఊరివాళ్ళు ఎవరికీ అక్కరలేని మడి ఒకటి, కుంట ఒడ్డుది, ఆయనకు ఇచ్చారు. దానికీ ఎనభై ఎర్రయ్యలే.

ఆయన పోయిన రెండు నెలలకు తుపాను వచ్చి, ఒక్కొక్కటీ ఎనభై ఎర్రయ్యలున్న పదిహేను చేన్ల గెట్లు కొట్టుకుపోయాయి. బండ్లబాట నుంచి కుంట దాకా ఒకటే బురద. ఎవరిది ఎక్కడో చెప్పవలసిన పాదం మట్టిలో ఉంది.

“మొఖం ఎట్లున్నా నడుస్తది సారూ,” అన్నాడు తిరుపతి. “ముక్కు జర వంకరొచ్చినా ఫికర్ లేదు. కాళ్ళు మాత్రం అచ్చం ఎర్రయ్య కాళ్ళే రావాలె. గవే మా ఊరికి టేపు.”

బిక్షపతి గొణిగాడు. “కింద కొంచెం గడ్డేస్తే అందంగ...”

“గడ్డేస్తె కాళ్ళెట్ల కొలుస్తరు? నువ్వు మంచిగ మాట్లాడుతున్నవ్!”

అంజమ్మ ఆయన ముఖంలోకి చూసింది. “బిడ్డా, నీకు కాళ్ళు జేసుడు రాదా?”

ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగని మాట. “రాకేందవ్వా! కాళ్ళంటే నాకు ఎడమచేతి పని.”

చాయ్ తెస్తున్న కళావతి వాకిట్లోనే అంది, “అవునవ్వా. భూపాలపల్లిల రెండూ ఎడమవే జేసిండు.”

ఎర్రయ్య ఫోటో ఓటరు కార్డులోది ఒక్కటే ఉంది, మెడ దాకా. చెప్పులైనా ఉన్నాయా అని బిక్షపతి అడిగాడు. లేవు. ఎర్రయ్య జన్మలో చెప్పు తొడగలేదు. చెప్పు తొడిగితే అడుగు పెద్దదవుతుంది, ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది అనేవాడట.

“నా పాదం మీద రెండు వేళ్ళు ఎక్కువ ఆయన పాదం,” అంది అంజమ్మ. “నలభై ఏండ్లు ఒక్కతాన నడిచినం, నాకెరుకలేదా?”

“మరి అవ్వనే నడిచి కొలవరాదా?” అన్నాడు బిక్షపతి, ఆశతో.

“అట్లెట్ల? అవ్వకు భూమి ఉన్నది,” అన్నాడు తిరుపతి. “భూమి ఉన్నోళ్ళ మాట గెట్టు మీద చెల్లది. సిమెంటుకు భూమి లేదు. సిమెంటు అబద్ధమాడది. అవ్వ నీకు చెప్పాలె, నువ్వు సిమెంటుకు చెప్పాలె, సిమెంటు మాకు చెప్తది.”

తిరుపతి వెళ్తూ వెళ్తూ మరొకటి అంటించాడు. “ఎత్తు ఏడున్నర అడుగులుండాలె. పక్కూరోళ్ళు వాళ్ళ పెద్దమనిషిని ఏడు నిలబెట్టిన్రు.”

“ఎర్రయ్య ఎంతుండె?”

“అయిదే. అయితేంది, చచ్చినంక మనిషి పెరుగుతడు సారూ.”

నాట్లకు నెల ఉంది. బిక్షపతి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఇది తప్పిస్తే ఇంకో జత కాళ్ళు ఎవరూ అడగరు. ఇది చెడగొడితే ఆయనకు కాళ్ళు రావని మూడు జిల్లాలకూ తెలుస్తుంది. అంజమ్మ పాదం కొలత రాసుకున్నాడు, రెండు వేళ్ళు కలిపాడు. కానీ కొలత ఎముక లాంటిది. దాని మీద కండ కావాలి. కండకు మనిషి కావాలి. షెడ్డులో ఉన్న మనిషి కళావతి.

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కాళ్ళు ఎదురుగా పీట మీద పెట్టించాడు.

“ముప్పై ఏండ్ల సంది నా మొఖం దిక్కు జూడలె,” అంది కళావతి. “గిప్పుడు కాళ్ళు జూస్తున్నవా?”

“కదలకు.”

“కదల. నువ్వే చాయ్ పెట్టు.”

మూడు వారాలు కదలలేదు. చాయ్ ఆయనే పెట్టాడు, అన్నం ఆయనే వండాడు, కూరలో ఉప్పు ఆయనే మరిచిపోయాడు. కాళ్ళు పట్టుకొని బతిమాలుకోవడం అని విన్నాం గానీ, బిక్షపతిలా మూడు వారాలు పట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు. మొదటి వారం చేసిన పాదం అట్లకాడలా వచ్చింది. రెండో వారానికి చీలమండ ఎక్కడుంటుందో కనిపెట్టాడు. కాలికి లోపలి వైపు ఎత్తుగా, బయటి వైపు కాస్త కిందికి ఉంటుందని తెలిసినరోజు ఆయన షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చి ఎదురింటివాళ్ళకు చెప్పాడు. వాళ్ళు తలుపు వేసుకున్నారు.

మూడో వారం పాదాలు అచ్చుగుద్దినట్టు వచ్చాయి. అంజమ్మ కొలత, కళావతి కండ. తీసుకెళ్ళి ఏడున్నర అడుగుల మనిషి కింద పెట్టాడు. కళావతి స్టూలు మీద నుంచి పడబోయింది, నవ్వి.

“ఏనుగుకు కోడికాళ్ళు పెట్టినట్టున్నది!”

నిజమే. అయిదడుగుల మనిషి పాదాలు ఏడున్నర అడుగుల మనిషిని మోయవు. ఇలాంటి చిక్కుకు పత్రికల్లో మందు ఉంది. చిన్న బొమ్మ మీద గళ్ళు గీసి, పెద్ద కాగితం మీద పెద్ద గళ్ళు గీసి, గడికి గడి దించడమే. బిక్షపతి మనిషిని ఒకటిన్నర రెట్లు పెంచాడు కాబట్టి పాదాన్నీ ఒకటిన్నర రెట్లు పెంచాడు. బ్రహ్మాండంగా కుదిరింది. కుదిరిన ఆనందంలో, ఈ పాదాలు దేనికి చేస్తున్నాడో ఆ సంగతి గడుల మధ్య జారిపోయింది. కాళ్ళొచ్చిన సంతోషంలో మనిషికి కళ్ళు పోతాయి.

విగ్రహం ట్రాలీలో రాగులపల్లికి వెళ్ళింది. ఊరంతా పోగయింది. తిరుపతి గుడ్డ లాగాడు. అందరూ ముఖం వదిలేసి కిందికి చూశారు.

నల్లరేగడి రంగు పాదాలు, పగిలిన మడమలు, నరాలు, గోళ్ళు. మట్టిలో దిగి నిలబడ్డ కాళ్ళు. ఒక ముసలామె వంగి మొక్కింది. ఇంకొకాయన, “గిప్పుడే అడుగు తీసి అడుగేసేటట్టున్నడు,” అన్నాడు. బిక్షపతి ఎనిమిది వేల మందిని కన్నాడు. ఇన్నాళ్ళకు ఒక్కడు నేల మీద నిలబడ్డాడు.

“గీ రెండో వేలి మీద గుంట ఏంది సారూ?” అన్నాడు తిరుపతి. కళావతి మెట్టెల గుర్తు అది. చూసింది చూసినట్టు చేసే చెయ్యి, మెట్టె ఒత్తుడును కూడా వదలలేదు.

“రాయి తగిలిన మచ్చ.”

అంజమ్మ ఒక్కతే పాదాలను చూస్తూ రెండు వేళ్ళతో తన పెదవులు తడుముకుంది.

వెంటనే కొలత మొదలుపెట్టారు. విగ్రహం పాదం పొడవున ఒక కట్టె కోసి, బండ్లబాట నుంచి పడమరకు దొర్లించారు. మొదటి చేను తిరుపతిది. ఎనభై కట్టెలయ్యేసరికి పాత తాటిమొద్దు దాటి చాలా దూరం వచ్చింది.

“సూసిన్రా! ఎర్రయ్య చచ్చి కూడ మనకు మంచే జేస్తుండు!” అన్నాడు తిరుపతి.

రెండోవాడిదీ పెరిగింది. మూడోవాడిదీ పెరిగింది. అందరి భూమీ పెరుగుతోంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు? ఊరు జాతరలా ఉంది. పదో చేను పూర్తయ్యేసరికి కట్టె కుంట ఒడ్డున తడిసింది. పదకొండోవాడి చేను మోకాళ్ళ లోతులో తేలింది. పదమూడోది సక్రుది. తండా మనిషి, పట్టువదలడు. నా చేను నేను కొలుచుకుంటానని కట్టె పట్టుకొని మెడ లోతు నీళ్ళలో నిలబడ్డాడు.

“సర్పంచ్ సాబ్! నా చేన్ల చాపలున్నయి. వరి ఎట్లేయాలె?”

“చాపలే పెంచుకో సక్రన్నా. సర్కారు సబ్సిడీ ఉన్నది.”

పదిహేనోది, అంజమ్మ మడి, కుంట దాటి పొరుగూరి ఈతవనంలో తేలింది. కల్లుగీసే ఆయన చెట్టు మీద నుంచి దిగి, “ఏందవ్వా, నాటేస్తానికొచ్చినవా?” అన్నాడు.

బడి పంతులు నిష్పత్తి అని ఏదో అనబోయాడు. తూర్పు వైపు పదిమంది ఆయన మీద పడ్డారు. “నిష్పత్తి ఎవరు? ఏ ఊరోడు? ఆయనకు గీడ భూమి ఉన్నదా?” “కొలత తగ్గియ్యమంటె ఎర్రయ్య కాలు నరుకుమంటవా సారూ?” “సిమెంటు అబద్ధమాడది!” పంతులు కూర్చున్నాడు. కట్టెను భద్రంగా దాచమని అంజమ్మకే ఇచ్చారు. ఎర్రయ్య భార్య కదా, ఆమె కంటే నమ్మకస్థురాలు ఎవరు? ఆమెకు భూమి ఉన్న సంగతి కట్టె దాచేటప్పుడు అడ్డు రాలేదు.

మూడోనాడు పొద్దున అంజమ్మ ఒక్కతే బస్సు దిగి షెడ్డుకు వచ్చింది. బిక్షపతి కుర్చీ వేశాడు. ఆమె నేల మీదే కూర్చుంది.

“బిడ్డా, గా కాళ్ళ మీద గడ్డెయ్యి.”

ఆయనకు అర్థమైంది, అర్థం కానట్టు ముఖం పెట్టాడు. “గడ్డెందుకవ్వా? ఊరంత మెచ్చుకున్నది.”

“మంచిగున్నయి. మస్తుగున్నయి. గని గవి ఆయనయి గావు. ఆయన పాదం ఎన్నడు ఒకరి చేన్లకు పోలె. గివి పదిమందికి ఆశ పెట్టి, అయిదుగుర్ని నీళ్ళల్ల తోసినయి.”

“నా జన్మల చేసినవి గవొక్కటే అవ్వా,” అన్నాడు బిక్షపతి. “ఒకటిన్నర పెంచితిని, గంతే తప్పు. ఇంకో కట్టె కోసి, దాన్ని తగ్గించి...”

“తగ్గిస్తె ఒప్పుకుంటరా? కట్టె ఏడున్నదని రేపు అడుగుతరు. లేదంటె విగ్రహం కాడ కొత్తది కోస్తరు.”

“కట్టె ఏమాయె?”

“పొయ్యిల పెట్టిన. నిన్న మాపటి అన్నం దాంతోనే ఉడికింది.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “తిరుపతి ఇయ్యాల జనగామల మీటింగుకు పోయిండు. నాకు గా మడి తప్ప ఇంకేం లేదు బిడ్డా. పలుగగొట్టుమంటలేను. గడ్డెయ్యుమంటున్న. గది నీకొచ్చు గద.”

గది నీకొచ్చు గద. ఇన్నేళ్ళలో ఆయన పనిని అంత సరిగ్గా ఎవరూ అంచనా వేయలేదు. పత్రికా విమర్శకులు సహా.

బిక్షపతి లేచి సిమెంటు సంచి ఆటోలో వేశాడు.

మధ్యాహ్నం నాలుగింటికి తిరుపతి జనగామ నుంచి వచ్చేసరికి ఎర్రయ్య మోకాళ్ళ దాకా గడ్డిలో ఉన్నాడు. గడ్డి ఇంకా పచ్చిగా ఉంది, రంగు వేయకముందే పచ్చిగా.

“ఏం జేసినవ్ సారూ! మా టేపు మీద గడ్డేసినవ్!”

బిక్షపతి తాపీ కడుక్కుంటూ నెమ్మదిగా అన్నాడు. “తప్పు నాదే తిరుపతీ. మర్చిపోయిన. నా విగ్రహాలన్నిటికి గడ్డి ఉంటది. గడ్డి లేకుంటే బిక్షపతి చేసింది గాదు, డూప్లికేట్ అంటరు. జనగామ లెక్చరర్ సారును అడుగు.”

“డూప్లికేటా!” తిరుపతి అటూ ఇటూ చూశాడు. పక్కూరోళ్ళు ఆ మాట అంటే ఇక తలెత్తుకోలేడు. “మరి కొలత?”

“లోపల పాదాలు ఉన్నయి ఉన్నట్టే ఉన్నయి. కావాలంటే గడ్డి పలుగగొట్టి చూసుకో. గడ్డపార ఎవరిస్తరో అడుగు.”

తిరుపతి ఊరి వైపు చూశాడు. అప్పటికే ఇద్దరు ముసలమ్మలు గడ్డికి పసుపు రాసి బొట్టు పెడుతున్నారు. బొట్టు పెట్టినదాన్ని పగలగొట్టే మనిషి ఆ మండలంలో పుట్టలేదు.

అప్పుడు అంజమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకొని బండ్లబాట మీద నిలబడింది. ఒక పాదం పెట్టింది. వంగి, బొటనవేలి ముందు రెండు వేళ్ళు నేల మీద ఆనించింది. ఆ వేళ్ళ ముందు రెండో పాదం మడమ పెట్టింది. మళ్ళీ వంగింది.

“అవ్వకు భూమి ఉన్నది...” అన్నారు ఎవరో తూర్పువాళ్ళు, కానీ గొంతులో బలం లేదు. చేతిలో వేరే కొలత ఏదీ లేదు.

“ఉంటె ఉండనీ,” అన్నాడు సక్రు. మొన్న కుంటలో నానినవాడికి ఇంకా జలుబు తగ్గలేదు. “నేను లెక్కవెడ్త. ఒకటి... రెండు...”

ఒక పూటలో అయ్యే పని కాదు. ఆ సాయంత్రం అయిదు చేన్లు, తెల్లారి పది. పన్నెండు వందల సార్లు డెబ్భై ఏళ్ళ మనిషి వంగి లేచింది. మధ్యలో మంచినీళ్ళు ఇస్తే తాగింది, కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే అడుగు జరుగుతుందంది. ఎనభై ఎనభైకి ఒక రాయి పాతుకుంటూ వెనక ఊరంతా నడిచింది. తిరుపతి చేను సరిగ్గా తాటిమొద్దు దగ్గర ఆగింది, ఎప్పటిలాగే. సక్రు చేను నీళ్ళలోంచి బయటికొచ్చింది. పన్నెండు వందలు అనగానే అంజమ్మ రెండు వేళ్ళూ కుంట నీటి అంచున తడిశాయి. ఒక అంగుళం ఎక్కువ లేదు, ఒక అంగుళం తక్కువ లేదు.

తిరుపతి దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టి ఒడ్డు మీద కూర్చోబెట్టాడు. “ముందే చెప్పవైతివి అవ్వా,” అన్నాడు.

“చెప్పిన గద,” అంది అంజమ్మ, మడమ నొక్కుకుంటూ.

మొదటిరోజు చీకటి పడకముందే బిక్షపతి షెడ్డుకు తిరిగొచ్చాడు. కళావతి వాకిట్లో బియ్యం ఏరుతోంది.

“ఏమాయె?”

“గడ్డేసిన.”

“దేని మీద?”

ఆయన తాపీని మూలన పెట్టాడు. కళావతి చాట పక్కన పెట్టింది. “మూడు వారాలు కదలకుంట కూసుంటి. నడుము పట్టుకపోయింది. నా కాళ్ళ మీద గడ్డేసి వచ్చినవా?”

“గడ్డి లోపల ఉన్నయే. వేలు తగలకుంట వేసిన. లోపల ఎట్లున్నయి అట్లనే ఉన్నయి.”

“ఎవలు జూస్తరు?”

ఇంతకాలం లేని కాళ్ళను దాచినవాడు, ఇవాళ ఉన్నవాటిని దాచి వచ్చాడు. ఈ తేడాను కళావతికి ఎట్లా చెప్పాలో తెలియక బిక్షపతి లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాడు. అడుగున పాత ‘సన్నజాజి’ సంచిక ఒకటి తీశాడు. కిటికీ దగ్గర ఒక అమ్మాయి వానను చూస్తోంది. మోకాళ్ళ దగ్గర లావు అక్షరాలతో సీరియల్ పేరు. పెన్సిలు చెక్కి, ఆ అక్షరాల మీదుగానే గీయడం మొదలుపెట్టాడు. పిక్కలు, చీలమండలు, లోపలి వైపు కాస్త ఎత్తు.

కళావతి వెనక వచ్చి నిలబడి, భుజం మీదుగా వంగి చూసింది.

“ఎడమదానికి ఆరు వేళ్ళొచ్చినయి,” అంది. “జరుగు, స్టూలు ఇటు వేస్త. చాయ్ మాత్రం నువ్వే పెట్టాలె.”